మనసు ముచ్చట: లోపల ఏం మాట్లాడారో మాకు చెప్పరేం?

ప్రశ్న: మా అబ్బాయికి 22. బీటెక్ అయిపోయి ఏడాదైంది. తెల్లవారుజామున మూడింటికి పడుకుని మధ్యాహ్నం లేస్తాడు. నాలుగు వారాలుగా నెల్లూరులో థెరపీకి తీసుకెళ్తున్నా. లోపల ఏం మాట్లాడారో వాళ్లు చెప్పరు. పిల్లోడికి నాలుగు మంచి మాటలు చెప్పి పంపొచ్చు గదా?
– ఓ తల్లి, కావలి

జవాబు: ఆ మంచి మాటలు మీవాడు ఈ ఏడాదిలో లెక్కలేనన్నిసార్లు విని ఉంటాడమ్మా. వాటితో లేచేవాడైతే ఈపాటికి లేచేవాడే. అందుకే థెరపిస్టు సలహాతో కాదు, ప్రశ్నలతో మొదలుపెడతారు. నిన్న ఎన్నింటికి లేచావు, లేవగానే ఏం చేశావు, అప్పుడు మనసులో ఏం మెదిలింది అంటూ ఒక్క రోజును గంట గంటకీ విప్పి చూస్తారు. "నీ సమస్యేంటి?" అంటే ఈ వయసు పిల్లలు చాలామంది "ఏం లేదు" అనేస్తారు. నిన్నటి మధ్యాహ్నం సంగతి అడిగితే చెబుతారు.

తర్వాత ఓ కాగితం ఇస్తారు. గంటకో గడి. చేసిన పని, పక్కన రెండు అంకెలు: ఎంత హాయిగా ఉంది, ఎంత సాధించినట్టుంది, సున్నా నుంచి పది లోపు. మంచం మీద ఫోన్‌తో గడిచిన మూడు గంటలకు ఒకటి పడొచ్చు, తమ్ముడికి లెక్కలు చెప్పిన ఇరవై నిమిషాలకు ఐదు పడొచ్చు. ఆ ఐదు పడ్డ పనిని పెంచడమే తొలి మందు. మనసు బాగుపడ్డాక పని మొదలుపెడదామంటే డిప్రెషన్‌లో ఆ రోజు రాదు. చిన్న పని ముందు, ఉత్సాహం దాని వెనక. నిద్ర సంగతీ అంతే. పన్నెండింటికి లేచేవాణ్ని ఆరింటికి లేపితే రెండు రోజుల్లో బెడిసికొడుతుంది. పదకొండున్నరకు లేచి ఎండలోకి రావాలి, మూడు నాలుగు రోజులకోసారి అరగంట ముందుకు జరపాలి. ఆ టైముకు మీరు కిటికీ తెరిచి టీ ఇవ్వండి. ఏమీ అనకుండా.

ఇక గుట్టు సంగతి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 23వ సెక్షన్ ఇచ్చిన హక్కు అది. ప్రాణానికి ముప్పు లాంటి కొన్ని మినహాయింపులు తప్ప, పెద్దవాడైన మీవాడి మాటలు అతను ఒప్పుకోకుండా మీకు చెప్పకూడదు. ఇంట్లో మీరు గమనించినవి మాత్రం థెరపిస్టుకు చెప్పొచ్చు. చెప్పానని అబ్బాయికీ చెప్పండి. అతను సరేనంటే ముగ్గురూ కూర్చునే సెషన్ ఒకటి అడగండి. తిరుగు బస్సులో "ఏమడిగారు, నా గురించి ఏం చెప్పావు" అని ఆరా తీయొద్దు. ఆ ఆరా ఉంటుందని తెలిస్తే వచ్చే వారం లోపలే మాటలు దాచుకుంటాడు.

నాలుగు వారాలు తక్కువ. వారానికోసారి 45–50 నిమిషాల చొప్పున 12 నుంచి 16 సెషన్లు మామూలు. ఆరు సెషన్లైనా రోజువారీలో ఏ మార్పూ లేకపోతే మాత్రం పద్ధతి మార్చాలా, సైకియాట్రిస్టుకు చూపించాలా అని నిలదీసి అడగండి. తిండి మానేసినా, చావు మాట ఎత్తినా, ఎవరివో గొంతులు వినబడుతున్నాయన్నా సెషన్ దాకా ఆగొద్దు. అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి, ఒంటరిగా వదలొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ప్రశ్న: నాకు 24. ఇంటర్వ్యూ అంటే గొంతు పూడుకుపోతుంది. ఆలోచనలు రాసుకురమ్మన్న నోటుబుక్కు రెండు వారాలుగా ఖాళీ. మొహం చూపించలేక థెరపీ మానేద్దామనుకుంటున్నా.
– ఓ పాఠకురాలు, ఒంగోలు

జవాబు: ఆ ఖాళీ పుస్తకంతోనే వెళ్లండి. "రాయలేదు, సిగ్గుగా ఉంది" అని చెప్పడం ఇంటర్వ్యూ భయానికి కూడా మంచి సాధనే. రాయలేకపోవడానికి తరచూ కనబడే కారణం, రోజంతటినీ రాత్రి గుర్తు తెచ్చుకుని రాయబోవడం. భయం వేసిన ఆ గంటలోనే ఫోన్‌లో నాలుగు ముక్కలు కొట్టండి: ఎక్కడున్నారు, ఏం జరిగింది, భయం వందకెంత, అప్పుడు మనసులో వచ్చిన వాక్యం. ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు రాయాలి. "భయమేసింది" అని రాస్తే ముందుకు పోలేం. "తడబడితే నవ్వుతారు" అని రాస్తే నిజంగా నవ్వుతారో లేదో చూడొచ్చు.

అలా చూడటానికి తక్కువ భయం నుంచి ఎక్కువ భయానికి మెట్లు కడతారు. కర్నూలు రోడ్డులో బట్టల కొట్టుకెళ్లి వేరే రంగు చూపించమని అడిగి, కొనకుండా రావడానికి భయం వందకు 30 అనుకోండి. కోచింగ్ క్లాసులో ఒక డౌటు గట్టిగా అడగడం 50. ఇద్దరు స్నేహితురాళ్ల ముందు మాక్ ఇంటర్వ్యూ 70. ఒకే మెట్టు వారంలో నాలుగైదుసార్లు ఎక్కాలి. భయం పతాకస్థాయిలో ఉండగా బయటికొచ్చేస్తే "పారిపోయాను కాబట్టి బతికాను" అని మనసు లెక్క రాసుకుంటుంది, మర్నాడు ఆ మెట్టే ఇంకా ఎత్తుగా కనిపిస్తుంది. వణుకు కనబడకుండా చున్నీ గట్టిగా పట్టుకోవడం, ప్రతి వాక్యం బట్టీపట్టడం కూడా అలాంటివే. గట్టెక్కినా ఆ పేరు చున్నీకే పోతుంది. వాటినీ ఒక్కొక్కటిగా వదిలించాలి.

ప్రశ్న: సరైన థెరపిస్టును గుర్తుపట్టేదెలా?
– ఓ పాఠకుడు, కందుకూరు

జవాబు: క్లినికల్ సైకాలజిస్టు అని బోర్డుంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ నంబరు అడగండి, మొహమాటం వద్దు. మందులు రాసేది సైకియాట్రిస్టు. మూడు సిట్టింగుల్లో పూర్తిగా తగ్గిస్తామనే చోటికి వెళ్లొద్దు. ఫీజు భారమైతే నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో సైకియాట్రీ ఓపీకి వెళ్లండి.