16 రోజులు బ్యాగు మోసుకుంటూ నడవాలంటే ఇంటి దగ్గర ఏం చెయ్యాలి? నా అనుభవం

ఒడిశా గుణుపూర్ నుంచి ఒక తమ్ముడు అడిగేడు, అక్టోబర్‌లో నేపాల్ వెళ్ళి అన్నపూర్ణ సర్క్యూట్, అదే అన్నపూర్ణ కొండల చుట్టూ తిరిగే నడకదారి, నడుద్దామనుకుంటున్నాను అన్నా, పోర్టర్ వద్దు, బ్యాగు నేనే మోస్తాను, 16 రోజులు, మన వైపు ట్రెక్కింగ్ షాపు లేదు నేర్పేవాళ్ళు లేరు, చేతిలో మూడు నెలలుంది, జిమ్‌కి వెళ్తే సరిపోద్దా అని.

నాది పర్లాకిమిడి తమ్ముడూ. రెండేళ్ళ కిందట నేనూ అక్టోబర్‌లోనే అదే దారి నడిచాను, నేనూ నీలాగే జూలైలో మొదలెట్టాను, అందుకని నా తిప్పలే రాస్తాను. జిమ్ మంచిదే గానీ జిమ్‌లో నీ షూ తెగదు, నీ బ్యాగు భుజం కొయ్యదు, వాన పడదు. అక్కడ కొండ మీద చెడిపోయేవేవో ఇక్కడ ఇంటి దగ్గరే చెడిపోవాలి, ఈ మూడు నెలలూ అందుకే అనుకో.

నాకు ముందు చెడింది షూ. కాలేజీ రోజుల్లో కొన్న ట్రెక్కింగ్ షూ, రెండుసార్లు వేసి అటక మీద పెట్టీసేను, ఆరేళ్ళు అక్కడే ఉన్నాయి, తీసి తుడిస్తే కొత్తవాటిలా మెరిసిపోయాయి. ఏడెనిమిది వేలు మిగిలాయని సంబరపడిపోయాను. నాలుగోరోజు మహేంద్రతనయ గట్టు మీద నడుస్తుంటే ఎడమకాలు సోలు మొత్తం, పెనం మీంచి అట్టు లేచినట్టు, లేచి వచ్చీసింది. చెప్పులు కుట్టేతనికి ఇస్తే గమ్ వేసి రెండు వరసలు కుట్టి ఇచ్చాడు, మూడు రోజుల్లో రెండోది ఊడింది. ఆయన తప్పేం లేదు, తర్వాత చదివితే తెలిసింది, ఇలాంటి షూల సోలు మధ్యలో పాలియూరిథేన్ అనే నురగలాంటి పొర ఉంటుంది, గాల్లో తేమ తగిలీ తగిలీ అది లోపల్లోపలే పొడైపోతుంది, వాడినా వాడకపోయినా. వాడకుండా మూల పడేస్తే ఇంకా తొందరగా పోతుందంటారు. మన వైపు తేమ సంగతి నీకు చెప్పక్కర్లేదు, వానాకాలం బెల్టుకి బూజు పట్టే ఊళ్ళు. కాబట్టి ఎవరైనా అన్నయ్య, బావ, నాది పాతది ఉంది తీసుకో అంటే మర్యాదగా వద్దను.

కొత్తవి కొనడానికి విశాఖపట్నం వెళ్ళాను. సాయంత్రం పూట కొను, పొద్దంతా తిరిగేసరికి పాదం కాస్త ఉబ్బుతుంది, అక్కడ రోజూ ఏడెనిమిది గంటలు నడిచేటప్పుడు అలాగే ఉంటుంది. నడకలో వేసుకునే మందం సాక్సే వేసుకుని చూడు, షాపులో ఇచ్చే పల్చటివి కాదు. మామూలు సైజు మీద ఒకటి పెద్దది తీసుకున్నాను, ముందర బొటనవేలు వెడల్పు ఖాళీ ఉండాలి, లేకపోతే దిగేటప్పుడు వేళ్ళు వెళ్ళి షూ ముక్కుకి కొట్టుకుని గోళ్ళు నల్లబడి ఊడిపోతాయి. షాపులో మెట్లుంటే మెట్లు దిగి చూడు, సేల్స్ గుంటడు నవ్వినా పర్లేదు. తర్వాత వాటితోనే ఇక్కడ కనీసం వంద కిలోమీటర్లు తిరుగు. తడిస్తే ఎండలో పెట్టకు, ఇన్‌సోల్ తీసి లోపల న్యూస్‌పేపర్ ఉండలు కుక్కి ఫ్యాన్ కింద పెట్టు, పేపర్ రెండుసార్లు మార్చు. ఎక్కడైనా మంటగా అనిపించిందంటే అక్కడ పొక్కు లేస్తుందన్నమాట, ఆ నిమిషానే ఆగి అక్కడ టేపు వేసీ. ఇంకో రెండు కిలోమీటర్లే కదా అని నడిచేవనుకో, వారం పోతుంది. నాకు ఎప్పుడూ కుడి మడమ వెనకాలే వస్తుందని ఇక్కడే తెలిసింది, అక్కడ రోజూ పొద్దున్నే ముందే టేపు వేసుకునేవాణ్ణి.

ఇక బ్యాగు. మొదటిసారి సర్దుకుని మా వీధి చివర కిరాణా కొట్టు కాటా మీద పెడితే 17 కిలోలు చూపించింది. కొట్టాయన "ఏటి బాబూ, ఇంట్లో తగువా, ఊరు వదిలీసి పోతున్నావేటి" అన్నాడు. నా బరువు 62, అంటే నాలుగో వంతు కంటే ఎక్కువే మోద్దామనుకున్నానన్నమాట. మామూలుగా మన బరువులో అయిదో వంతు దాటకూడదంటారు, అదీ నీళ్ళతో కలిపి. ఇంటికొచ్చి అన్నీ మంచం మీద పరిచాను, మా చెల్లిని పిలిచి ఒక్కొక్కటీ చూపించి ఇది ఎన్నిసార్లు వాడతాను అని అడగమన్నాను. జీన్స్, రెండో తువ్వాలు, సబ్బు డబ్బా, రెండు పుస్తకాలు, మూడు కాటన్ టీషర్టులు అలా పోయాయి. కాటన్ చెమట పీల్చుకుని ఆరదు, మన ఊళ్ళో అదే హాయి, అక్కడ చలిలో అదే ప్రాణం తీస్తుంది, క్రికెట్ ఆడేవాళ్ళు వేసుకునే పాలిస్టర్ బనీన్లు రెండు చాలు. అలా నాలుగుసార్లు ఆ కాటా దగ్గరికి వెళ్ళి వచ్చేక నీళ్ళు కాకుండా తొమ్మిదిన్నరకి దిగింది. జాకెట్, స్లీపింగ్ బ్యాగు మాత్రం ఇక్కడ కొనకు, కాఠ్‌మాండూలో థమెల్ బజారులో అద్దెకి దొరుకుతాయి. మన ఎండల్లో ఆ జాకెట్ వేసి చూసుకోడానికి కూడా ఉండదు. షూ, సాక్స్, బ్యాగు, ఈ మూడూ మాత్రం నీ ఒంటికి ఇక్కడే అలవాటైపోవాలి.

మోత ఎలా మొదలెట్టానంటే, మొదటి వారం నాలుగు కిలోలు, తర్వాత వారానికి కిలో, కిలోన్నర పెంచుకుంటూ పోయాను. ఒక్కో కిలో బియ్యం ప్యాకెట్లు దుప్పటిలో చుట్టి, వీపుకి ఆనేలా, భుజాల మధ్య ఎత్తున పెట్టు, కింద పెడితే వెనక్కి లాగుతుంది. నడుం బెల్టు బొడ్డు దగ్గర కాదు, తుంటి ఎముకల మీద కూర్చోవాలి, ముందు అది బిగించి తర్వాత భుజం పట్టీలు, బరువు చాలామట్టుకు తుంటి మీదే పడాలి, భుజాలు బ్యాగు ఊగకుండా పట్టుకోడానికే. నేను నెల రోజులు తిరగేసి బిగించాను, మెడ పట్టేసింది, బ్యాగు మంచిది కాదని తిట్టుకున్నాను. కొండ ఎక్కే రోజు బియ్యం బదులు నీళ్ళ సీసాలు పెట్టుకుంటే పైకి వెళ్ళేక పారబోసి ఖాళీగా దిగొచ్చు, మొదట్లో మోకాళ్ళకి అది మంచిది. నెల గడిచేక మాత్రం పారబొయ్యకు, బరువుతోనే దిగు.

ఎందుకంటే జిమ్‌లో రానిది ఈ దిగడమే. ఆ దారిలో దాటాల్సిన కనుమ థొరాంగ్ లా 5416 మీటర్లు, ఆ రోజే ముక్తినాథ్‌కి దిగాలి, 1600 మీటర్లకి పైనే దిగుడు. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది అంతే, దిగేటప్పుడు తొడ కండ సాగుతూ బరువు ఆపాలి, ఆ పని దానికి అలవాటు లేకపోతే మర్నాడు కాదు, ఆ మర్నాడు తెలుస్తుంది, మరుగుదొడ్లో కూర్చోలేవు. మీకు గుణుపూర్‌లో వంశధార ఉంది కదా, ఒడ్డున ఇసకలో అరగంట నడిస్తే చీలమండలు గట్టిపడతాయి, వానలకి నది పొంగితే మాత్రం అటు పోకు. ఇంట్లో మేడ మెట్లు చాలు, మాకు 34 మెట్లు, బ్యాగుతో మామూలుగా ఎక్కి, ఒక్కో మెట్టూ మెల్లగా, లెక్కపెడుతూ దిగేవాణ్ణి, నలభైసార్లు. మా పక్కింటి పిన్నిగారు ఏదైనా మొక్కా నాయనా అని అడిగింది. అవును అన్నాను, అబద్ధం ఎందుకు.

శని ఆదివారాలు వరసగా రెండు రోజులూ నడువు. ఒక్కరోజు 25 కిలోమీటర్లు ఎవరైనా నడుస్తారు, కాళ్ళు నొప్పిగా ఉండగా మర్నాడు పొద్దున్న లేచి అదే బ్యాగు వేసుకోవడంలోనే ఉంది అంతా. ఆఖరి నెలలో మహేంద్రగిరికి మూడుసార్లు వెళ్ళాను, 1501 మీటర్లు, శివరాత్రికి జనం ఎక్కే కొండే. పైదాకా బండి పోతుంది గదా అంటారు, మనం కింద ఊళ్ళో బండి పెట్టేసి నడవడమే. నీకు వీలైతే కొరాపుట్ వైపు దేవమాలి కూడా, 1672 మీటర్లు, ఒడిశాలో అదే ఎత్తు. అయినా థొరాంగ్ లా దానికి మూడింతలు దాటిపోయింది చూడు.

అందుకే ఎత్తుకి మాత్రం ఇంటి దగ్గర ఏ ప్రాక్టీసూ లేదు. పైన గాలి ఒత్తిడి ఇక్కడి దాంట్లో సగం, నువ్వు మేడ ఎన్నిసార్లు ఎక్కినా తలనొప్పి, వాంతులు రావని గ్యారంటీ లేదు, కుర్రాళ్ళు, గట్టివాళ్ళు తొందరగా ఎక్కేసి ఎక్కువ పడిపోతారు కూడా. ఇంట్లో చెయ్యగలిగింది కాగితం పని. మూడు వేల మీటర్లు దాటేక పడుకునే చోటు ముందురోజు కంటే 500 మీటర్ల పైన ఉండకుండా, మూడు నాలుగు రోజులకోసారి ఒక రోజు ఆగేలా రాసుకో. దారిలో మనాంగ్ అనే ఊరు 3540, అక్కడ రెండు రాత్రులు ఉండు. తిరుగు రైలు టికెట్‌కి ముందర రెండు రోజులు ఖాళీ వదులు, టికెట్ పోతుందని తలనొప్పితో పైకెక్కినవాళ్ళని చూశాను. ఎత్తు పడక వచ్చే జబ్బుకి వాడే డయామాక్స్ మాత్ర గురించి డాక్టరుగారిని అడుగు, సల్ఫా మందులు పడవని నీకు ఎప్పుడైనా చెప్పి ఉంటే అది ముందే చెప్పు. ఆయన సరే అంటే ఇక్కడే ఒకటి వేసుకుని చూడు, వేళ్ళు చిమచిమలాడతాయి, కూల్ డ్రింక్ రుచి చచ్చిపోతుంది, అక్కడ మొదటిసారి అయితే ఏదో అయిపోయిందని భయపడతావు.

తిండికి నేను చేసినంత హడావుడి చెయ్యకు. దారి పొడుగునా లాడ్జీలే, దాల్ భాత్ దొరుకుతుంది, స్టవ్ అక్కర్లేదు, గ్యాస్ డబ్బా రైల్లోగానీ విమానంలోగానీ ఎలాగూ తీసుకెళ్ళనివ్వరు. ఎవరో చెప్పేరని టమాటా పప్పు వండి పళ్ళెంలో పల్చగా పోసి ఎండబెట్టాను, ఆగస్టు నెలలో! మూడో రోజుకి పచ్చగా బూజు. పనికొచ్చింది ఛతువా ఒక్కటే. అది వేయించిన పిండి, వండక్కర్లేదు, వేన్నీళ్ళు, బెల్లం వేసి కలిపితే చాలు. చోడి (రాగి) పిండి తీసుకెళ్తానంటావేమో, అది ఉడకాలి, మనాంగ్ ఎత్తులో నీళ్ళు 88 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి, ఫ్లాస్కులో నీళ్ళకి అసలు ఉడకదు. పలాస జీడిపప్పు అరకిలో, బెల్లం, నువ్వుండలు, ఓ రెండొందల గ్రాములు కందిపొడి, అంతే.

అన్నట్టు మా అమ్మ ట్రెక్కింగ్ అంటే ససేమిరా అంది. ముక్తినాథ్ 108 దివ్యదేశాల్లో ఒకటమ్మా, ఆ దారే ఇది అన్నాను, మర్నాడు పొద్దున్నే శనగలు వేయించడం మొదలెట్టింది. ఏ రోజు ఏ ఊళ్ళో ఉంటానో రాసి ఫ్రిజ్ మీద అంటించాను, కింద పెద్ద అక్షరాల్లో "ఫోన్ రాకపోతే రెండు రోజులు ఆగు" అని. ఆ ఒక్క కాగితం వల్ల ఇంట్లో అందరూ పడుకున్నారు.

వాన గురించి ఒక్క మాట. బ్యాగు మీద వేసే రెయిన్ కవర్ వీపు వైపు ఉండదు, నీళ్ళు అటునుంచే దిగుతాయి. లోపల మందం పాలిథిన్ సంచి పెట్టి అందులో బట్టలు వేసి మూతి మెలేసి కట్టు, తర్వాత జోరువానలో మేడ మీద గంటసేపు వదిలీ, విప్పి చూడు. దీనికి మన ఆగస్టుని మించింది లేదు.

కాగితాలు మర్చిపోకు, నేపాల్‌కి వీసా లేదు గానీ నీ వయసువాళ్ళకి ఆధార్ చాలదు, పాస్‌పోర్టో ఓటర్ కార్డో ఉండాలి. మనవాళ్ళ ఇంటిపేరు ఒడియాలో ఒకలా, స్కూలు సర్టిఫికెట్‌లో ఒకలా, బ్యాంకులో ఇంకోలా ఉంటుంది కదా, నాది సరిచేయించడానికి రెండు నెలలు పట్టింది, నువ్వు ఈ వారమే చూసుకో. అక్టోబర్‌లో వాళ్ళకి దశైం, మన దసరాయే, ఊళ్ళకి వెళ్ళేవాళ్ళతో బస్సులు కిక్కిరిసిపోతాయి, తేదీలు చూసి బయల్దేరు.

పర్లాకిమిడి వచ్చే పని ఉంటే చెప్పు, నా బ్యాగు 50 లీటర్లది ఖాళీగానే ఉంది, తీసుకెళ్ళు. షూ అయితే ఇవ్వను.