సెమినరీలో జీతం ఉండదు, బ్రదర్

బ్రదర్, నీ ఉత్తరం చదివాను. సెప్టెంబరులో రోము వస్తున్నావు, సంతోషం. మిషనరీ కావడానికి మూడేళ్ళు ఇక్కడి సెమినరీలో, అంటే ఫాదర్లను తయారుచేసే చోట ఉండి, దైవశాస్త్రం చదవాలి కదా. అన్నం దొరుకుతుందా, భాష ఎంతకాలానికి వస్తుంది, చలి ఎలా ఉంటుంది, ఒంటరిగా అనిపిస్తే ఏం చేయాలి అని నాలుగు ప్రశ్నలు రాశావు. అడగాల్సింది మాత్రం అడగలేదు. డబ్బు గురించి ఒక్క ముక్క లేదు. 2005 అక్టోబరులో నేనూ ఇలాగే వచ్చాను. దేవుడి పని మీద వెళ్తున్నవాడికి డబ్బుతో ఏం పని అనుకుంటూ విమానం ఎక్కాను. ఆ తెలివితక్కువతనానికి ఇరవై ఐదు నెలలు కంతులు కట్టాను. ఆ కథ తర్వాత చెబుతాను.

కాగితాల సంగతి ముందు తేల్చేద్దాం. మతపరమైన కారణాల కింద వీసా వస్తుంది. దిగాక ఎనిమిది పనిదినాల్లో పెర్మెస్సో ది సొజ్జోర్నో, అంటే నివాస అనుమతికి దరఖాస్తు పెట్టాలి. పోస్టాఫీసులో కిట్ ఇస్తారు, 16 యూరోల స్టాంపు అంటించాలి, అన్నీ కలిపి వంద యూరోలు దాటుతుంది. ఇచ్చిన రసీదును పాస్‌పోర్టుతో సమానంగా దాచుకో. మిగతా రూల్స్ పోలీసు శాఖ సైట్లో ఉంటాయి, వెతుక్కోవడం మీ తరానికి నేను నేర్పాలా? మాకు ఈ పోస్టాఫీసు సుఖం కూడా లేదు. తెల్లవారక ముందే వెళ్ళి పోలీసు కార్యాలయం ముందు లైన్లో నిలబడేవాళ్ళం.

ఇక అసలు సంగతి. ఇల్లు, తిండి, ఫీజు, పుస్తకాలు, ఇన్సూరెన్సు అన్నీ మన మిషనరీ సంస్థే చూసుకుంటుంది. నీ చేతికి నెలకు కాస్త పాకెట్ మనీ ఇస్తారు, అంతే. మా రోజుల్లో నాకు ఇచ్చింది 40 యూరోలు. యూరో అప్పుడు యాభై నాలుగు, యాభై ఐదు రూపాయలు. మా నాన్న మా విచారణలో, అంటే మా గుడి కిందికి వచ్చే పారిష్‌లో, సత్యోపదేశం చెప్పే ఉపదేశి, ఆయన నెల జీతం కంటే నా పాకెట్ మనీయే ఎక్కువ. అందుకే మొదటి నెల కవరు చూసి నేను ధనవంతుణ్ణి అయిపోయానని నిజంగానే అనుకున్నాను. ప్రతి యూరోనూ రూపాయల్లోకి మార్చి మురిసిపోకు. ఖర్చు పెట్టేది యూరోల్లో కాబట్టి లెక్క కూడా యూరోల్లోనే వేసుకో.

ఆ మురిపెం ఎంతోకాలం నిలవలేదు. నవంబరులో చలి మొదలైంది. స్నానాలగదిలో రెండు పంపులు, ఒకదాని మీద సి, ఇంకోదాని మీద ఎఫ్ అని ఉంది. సి అంటే కోల్డ్ అని నా ఇంగ్లీషు చెప్పింది. వేడినీళ్ళు కావాలని ఎఫ్ తిప్పితే ఒళ్ళు కొంకర్లు పోయే నీళ్ళు వచ్చాయి. గ్యాసు ఖర్చు తగ్గిస్తున్నారేమో, లేకపోతే ఇదీ శిక్షణలో భాగమేమో అనుకుని తొమ్మిది రోజులు అలాగే స్నానం చేశాను. పదో రోజు నా దగ్గు విని పక్కగది టాంజానియా బ్రదర్ కారణం అడిగాడు, చెబితే కడుపు పట్టుకుని నవ్వాడు. సి అంటే కాల్దో, వేడి. ఎఫ్ అంటే ఫ్రెద్దో, చల్లన. దగ్గు మందుకు ఏడు యూరోలు అయ్యాయి. ఆ రాత్రే ఒక నోట్‌బుక్ తీసి పద్దులు రాయడం మొదలుపెట్టాను. మొదటి పద్దు దగ్గు మందుది. ఆ నోట్‌బుక్ ఇప్పటికీ నా బీరువాలో ఉంది.

దాంట్లో రెండో పద్దు నీళ్ళ సీసాలది. మన దగ్గర బయటి నీళ్ళు తాగొద్దని పెంచారు కదా, ఆ భయంతో నెల రోజులు సీసాలు కొన్నాను. రోములో వీధి వీధికీ నసోనే అని ఇనుప కుళాయిలు ఉంటాయి, పెద్దముక్కు అని అర్థం. ఊరంతా 2,500 దాకా ఉన్నాయి, 1870ల నుంచి పారుతూనే ఉన్నాయి. నీళ్ళు చల్లగా, శుభ్రంగా ఉంటాయి, ఒక్క పైసా అక్కర్లేదు. మూడో పద్దు కాఫీ. బారులో నిలబడి తాగితే ఒక ధర, కుర్చీలో కూర్చుంటే ఇంకో ధర. ఒక ఆదివారం పెద్ద గుడి దగ్గర దర్జాగా గొడుగు కింద కూర్చుని కాఫీ చెప్పాను, బిల్లు చూశాక ఆ కాఫీ గొంతు దిగలేదు. ఇక్కడ బారు అంటే మన బారు కాదు, కంగారు పడకు, ఫాదర్లు కూడా పొద్దున్నే అక్కడే ఉంటారు.

నాలుగోది బస్సు. టికెట్ కొంటే సరిపోదు, ఎక్కగానే మిషన్‌లో పెట్టి ముద్ర వేయించాలి. నేను కొత్త టికెట్‌ను ఆశీర్వదించిన జపమాలలా జేబులో భద్రంగా పెట్టుకుని కూర్చున్నాను. ఇద్దరు చెకింగ్ వాళ్ళు ఎక్కారు. టికెట్ చూపించాను, ముద్ర లేదన్నారు. నాకొచ్చిన ఇటాలియన్ అంతా కలిపి నలభై మాటలు, అందులో సగం ప్రార్థనలవి. వాటితో బస్సులో ఏం వాదిస్తాం? యాభై యూరోల పైన జరిమానా వేశారు. నెల పాకెట్ మనీ పోగా ఇంకా బాకీ. లెక్కలు చూసే ఫాదర్‌ను ఇక్కడ ఎకొనొమో అంటారు, ఆయన గది ముందు పావుగంట నిలబడి తలుపు కొట్టాను. ఆయన తిట్టలేదు, నెల పాస్ చేతిలో పెట్టారు. నువ్వు మొదటి రోజే అడిగి తీసుకో, ఇప్పుడది 35 యూరోలు.

భాష ఎంతకాలానికి వస్తుందన్నావు. జరిమానా పడినంత త్వరగా వస్తుంది! కొందరిని పెరూజాలో విదేశీయుల కోసం ఉన్న విశ్వవిద్యాలయానికి మూడు నెలలు పంపుతారు, నన్నూ పంపారు. అక్కడ వ్యాకరణం వచ్చింది. మాట మాత్రం సెమినరీ వంటావిడ దగ్గర, గిన్నెలు కడిగే వంతు వచ్చినప్పుడు నేర్చుకున్నాను. గిన్నెల వంతు తప్పించుకునేవాళ్ళకు ఇటాలియన్ ఆలస్యంగా వస్తుంది, ఇది నేను పందొమ్మిదేళ్ళుగా చూస్తున్నాను. పరీక్షలు చాలావరకు నోటితోనే. ప్రొఫెసర్ ఎదురుగా కూర్చుని పది నిమిషాలు మాట్లాడాలి, మార్కులు పదికి. శీతాకాలం పరీక్షలు సరిగ్గా గుణదల తిరునాళ్ళ రోజుల్లో పడతాయి, మనసు ఇటు కృపావరం పాఠం మీద నిలవదు, అటు గుణదల కొండ మీద ఉంటుంది.

రోజంతా ఎలా గడుస్తుందంటే, ఆరింటికి లేవడం, ప్రార్థన, పూజ, పాలకాఫీలో బిస్కెట్లు, మధ్యాహ్నం దాకా క్లాసులు, ఒంటిగంటకు పాస్తా, చదువు, మళ్ళీ ప్రార్థన, ఎనిమిదింటికి భోజనం. ఇది మన సెమినరీల్లో చేసిందే, కొత్తేమీ లేదు. ఆదివారం మాత్రం ఒక విచారణకు పంపుతారు. పిల్లలకు సత్యోపదేశం, ముసలివాళ్ళ ఇళ్ళకు దివ్యసత్ప్రసాదం. నేను తప్పులో పడింది అక్కడే.

రెండో ఏడు చెల్లెలి పెళ్ళి కుదిరింది. మా ఊళ్ళో అందరి దృష్టిలో నేను ఇటలీలో ఉన్నాను, అంటే సంపాదిస్తున్నాను. మావయ్య ఫోన్ చేసి, "అల్లుడూ, యూరోల్లో ఉన్నవాడివి, మీ నాన్న ముఖం చూడు" అన్నాడు. బోరు వేయించాలని ఇంకొకరు, కొడుకు ఫీజని ఇంకొకరు. నాకు జీతం లేదని చెప్పడానికి సిగ్గేసింది. చూస్తాను అన్నాను. ఆ ఒక్క మాటే అన్నిటికీ మూలం.

విచారణలో ఎనభై దాటిన ఒక నొన్నా, అంటే అవ్వ ఉండేది. ప్రతి ఆదివారం నాకు ఒక చాక్లెట్ పెట్టేది. ఒకరోజు ముఖం వేలాడేసుకుని కూర్చుంటే ఏమైందని అడిగింది. చెప్పాను. అడగలేదు, చెప్పానంతే అని చాలాకాలం నాకు నేను సర్దిచెప్పుకున్నాను. మరుసటి ఆదివారం కవరులో 500 యూరోలు తెచ్చి చేతిలో పెట్టింది. సోమవారం ఆ డబ్బు ఇంటికి వెళ్ళిపోయింది. పెళ్ళి బాగా జరిగింది, ఫోటోలు వచ్చాయి, ఊళ్ళో నా పరువు నిలబడింది.

ఈస్టరుకు ముందు ఇక్కడ ఇళ్ళను ఆశీర్వదించే ఆచారం ఉంది. విచారణ ఫాదర్ వెంట తీర్థం పట్టుకుని నేనూ తిరిగాను. ఆ అవ్వ ఇంటికి వెళ్ళేసరికి ఆవిడ లోపల ఓవర్‌కోటు వేసుకుని, కాళ్ళ మీద దుప్పటి కప్పుకుని కూర్చుని ఉంది. హీటరు ఆపేసి ఉంది. ఈ ఏడు గ్యాసు బిల్లు ఎక్కువ వచ్చిందని నవ్వుతూ చెప్పింది. ఆ తర్వాత నా వైపు చూసి, చెల్లెలు బాగుందా అని అడిగింది. ఫాదర్‌కు అర్థమైపోయింది. ఆ సాయంత్రమే సెమినరీ పెద్ద, రెక్టర్ ఫాదర్ పిలిచారు. పేదరికం మాటపట్టు, అంటే పేదగా బతుకుతానని దేవుడికి మాట, ఇచ్చినవాడి చేతికి వచ్చిందేదైనా సంస్థదే, అది నీకు తెలియదా అన్నారు. తెలుసు, పుస్తకంలో చదివాను. డబ్బు తిరిగి ఇవ్వబోతే అవ్వ పుచ్చుకోలేదు. అప్పుడు రెక్టర్ ఫాదర్ చెప్పిన పద్ధతి ఇది: నెలకు 20 యూరోల చొప్పున ఆ విచారణలో పేదల డబ్బాలో వేయాలి. అలా ఇరవై ఐదు నెలలు వేశాను. చివరి కంతు వేసేనాటికి ఆవిడ లేదు.

కాబట్టి బ్రదర్, విమానం ఎక్కకముందే ఇంట్లో అందర్నీ కూర్చోబెట్టి చెప్పు. జీతం లేదు, రాదు, పూజకు వచ్చే కానుక కూడా గురువయ్యాకే, అంటే ఫాదర్ అయ్యాకే, అదీ సంస్థకే. మావయ్యలు ఉంటే వాళ్ళకు విడిగా చెప్పు. అమ్మ ముందు చెప్పడం కష్టమైతే నాన్నతో చెప్పించు. ఒక్కసారి చూస్తాను అన్నావంటే అయిపోయినట్టే.

ఒంటరితనం గురించి అడిగావు కదా. ఉంటుంది, ముఖ్యంగా ఆగస్టులో ఊరంతా సెలవుల మీద వెళ్ళిపోయినప్పుడు. మా రోజుల్లో ఇంటికి ఫోన్ చేయాలంటే కార్డు కొనాలి, ఏడుస్తుంటే కూడా నిమిషాలు అయిపోయేవి. మీకు వీడియో కాల్ ఉచితం, దీని గురించి మరీ టెన్షన్ పడకు. రోములో చదివే తెలుగు ఫాదర్లు, సిస్టర్లు ఉంటారు, పండగకు పిలుస్తారు. ఉత్త చేతులతో వెళ్ళకు, అలాగని కేకూ కొనకు, పులిహోర చేసుకెళ్ళు. చింతపండు, కరివేపాకు, పచ్చిమిర్చి పియాజ్జా విత్తోరియో దగ్గరి మార్కెట్లో దొరుకుతాయి. బంగ్లాదేశ్ వాళ్ళ దుకాణాలు, బేరం ఆడవచ్చు.

బూట్లు మాత్రం మంచివి తెచ్చుకో. ఇక్కడి రాళ్ళ బాటలు చవక బూట్లను రెండు నెలల్లో తినేస్తాయి. రోడ్డు మీద పరిచి అమ్మే బ్రాండ్ బూట్ల జోలికి వెళ్ళకు, నకిలీ సరుకు కొన్నవాళ్ళకు కూడా ఇక్కడ జరిమానా ఉంది.

ఒక మాట గర్వంగానే చెప్పుకుంటాను. 1855లో మిలాను మిషనరీలు హైదరాబాదు వచ్చి, మన భాష రాక, మన ఎండకు మాడి ఎన్ని అవస్థలు పడి ఉంటారో. ఇవాళ వాళ్ళ దేశంలో ఒక కొండ ఊరి విచారణ నా చేతిలో ఉంది. గుడి పైకప్పు బాగుచేయించాను, అప్పు ఒక్క యూరో లేదు. లెక్కల పుస్తకం మా ఊరి పెద్దలు తిరగేసి చూసి, ఈ భారతీయుడు మహా గట్టివాడు అనుకుంటారట. అనుకోనీ.

నెయ్యి, పాలకోవా పెట్టుకురాకు, బయటి దేశాల నుంచి పాలతో చేసినవీ మాంసమూ రానివ్వరు, విమానాశ్రయంలోనే తీసేస్తారు. బరువు మిగిలితే నాకోసం కిలో గుంటూరు కారం, అరకిలో గోంగూర పచ్చడి పట్టుకురా. డబ్బు ఇచ్చేస్తాను, రసీదు పారేయకు.