బోరు నీళ్ళలో థిన్నర్ వాసన: యూనిట్ మీద కేసు వేయొచ్చా?

ప్రశ్న: మాది గాజువాక శివారు కాలనీ. ఏప్రిల్ 20 నుంచి మా బోరు ట్యాంకు నీళ్ళు పెయింట్ థిన్నర్ వాసన కొడుతున్నాయి. పాపకు వాంతులు, తలనొప్పి. పక్కనున్న సాల్వెంట్ రికవరీ యూనిట్ (వాడేసిన థిన్నర్ లాంటి ద్రావకాలను మళ్ళీ శుద్ధి చేసే చోటు) పనేనని అందరికీ తెలుసు. నీళ్ళు కూల్‌డ్రింక్ సీసాలో పట్టి ఫ్రిజ్‌లో దాచాను. ఇంటికి యాభై వేలు ఇస్తాం, స్టాంపు పేపరు మీద సంతకం పెట్టమని ఆ యూనిట్ మనిషి తిరుగుతున్నాడు. నవంబరు వచ్చేసింది, ఏం చేయాలి?

జవాబు: ‘అందరికీ తెలుసు’ అంటే కోర్టుకు తెలిసినట్టు కాదు. మీ నీళ్ళలో ఉన్న రసాయనం, ఆ యూనిట్ నుంచి బయటికొచ్చే రసాయనం ఒకటేనని చూపగలరా? కేసు తేలేది అక్కడే.

మీరు దాచిన సీసా అందుకు పనికిరాదు. సాల్వెంట్ గాలిలోకి ఎగిరిపోయే సరుకు. ఏడు నెలలు ప్లాస్టిక్ సీసాలో ఉంచి ఏం రుజువు చేస్తారు? ఒక్క ఫోన్ చేసి ల్యాబును అడిగి ఉండాల్సింది. ఇప్పుడైనా ఎన్‌ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ) గుర్తింపున్న ల్యాబు మనిషినే పిలిపించండి. చిన్న గాజు సీసాలో గాలి బుడగ లేకుండా అంచుదాకా నింపి, ఐస్‌పెట్టెలో పెట్టి తీసుకెళ్తారు. ‘వీఓసీ’ పరీక్ష, అంటే గాలిలోకి ఎగిరిపోయే రసాయనాల పరీక్ష, కావాలని రాసివ్వండి. నీళ్ళలో కరిగిన లవణాలను చూసే టీడీఎస్ పరీక్షలో సాల్వెంట్ కనబడదు.

అదే రోజు కాలుష్య నియంత్రణ మండలికి ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. యూనిట్ వ్యర్థజలాల నమూనాను 1974 నీటి చట్టం సెక్షన్ 21 ప్రకారం వాళ్ళ అధికారే తీయాలి. యాజమాన్యానికి నోటీసిచ్చి, రెండు భాగాలు చేసి, సీలు వేయాలి. గోడ దూకి మీరు పట్టుకొచ్చిన నీళ్ళకు ఆ విలువ ఉండదు. ఆ యూనిట్‌కు ఏయే సాల్వెంట్లకు అనుమతి ఉందో ఆర్టీఐ కింద అడగండి.

ఇక గడువు. కాలుష్యాన్ని ఆపించమని చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్ళాలంటే సమస్య మొదలైన నాటి నుంచి ఆరు నెలలే. అది అక్టోబరులోనే దాటింది. తగిన కారణం చూపితే ఇంకో అరవై రోజులు ఇస్తారు, అంటే డిసెంబరు మూడో వారం దాకా. వాసన ఇంకా వస్తోంది కదా, గడువు పెరుగుతుందిలే అని కూర్చోకండి. నష్టపరిహారానికైతే ఐదేళ్ళ గడువుంది.

ఆ స్టాంపు పేపరు ముట్టుకోవద్దు. ‘ఇక ఏ క్లెయిమూ లేదు’ అన్న మాట అందులో తప్పకుండా ఉంటుంది. రేపు పాప వైద్యానికి లక్షలైతే ఆ కాగితాన్నే మీ ముందు పెడతారు.

ఈ రోజు నుంచే ఆ నీళ్ళు తాగడం, వంటకు వాడడం మానండి. మరిగించినా మంచిది కాదు, ఆ ఆవిరి వంటింట్లోనే నిండుతుంది. పాపను డాక్టరుకు చూపించి, ఏ నీళ్ళు తాగిందో చీటీలో రాయించండి. ల్యాబు రిపోర్టు, ఫిర్యాదు రసీదు, ఆ చీటీ పట్టుకుని ఈ నెలలోనే లాయరును కలవండి.