అమ్మానాన్నల చేతికి మొదటిసారి కంట్రోలర్ ఇస్తున్నారా? మీ ఫేవరెట్ గేమ్ మాత్రం పెట్టకండి

మీ ప్రశ్న ఇదీ: అమ్మకి అరవై, నాన్నకి అరవై అయిదు. ఇద్దరూ ఇంతవరకు వీడియో గేమ్ ముట్టుకోలేదు. మీకు బాగా ఇష్టమైన గేమ్ వాళ్ల చేత ఆడించాలని ఉంది. దానితోనే మొదలుపెట్టొచ్చా, వేరే ఏదైనా చూసుకోవాలా?

దానితో వద్దు. సరిగ్గా ఆ పనే చేసి, అమ్మని ఎనిమిది నెలలపాటు గేముల దరిదాపులకి రాకుండా చేసుకున్నవాణ్ణి నేను.

నాకిష్టమైనది ఓ పెద్ద ఓపెన్ వరల్డ్ గేమ్, అంటే మనిష్టమొచ్చినట్టు ఎటైనా తిరగగలిగేది. కొండలు, పొగమంచు, గాలికి ఊగే గడ్డి. వందల గంటలు అందులోనే గడిపాను. ఆ అందం ఒక్కసారి చూస్తే అమ్మ ఇక వదలదనుకున్నాను. కంట్రోలర్ చేతిలో పెట్టి, "అదిగో, ఆ బురుజు దాకా నడువమ్మా, అంతే" అన్నాను. కంట్రోలర్ మీద బొటనవేలితో కదిపే పుల్లలు రెండుంటాయి, వాటిని స్టిక్‌లంటాం. ఎడమ స్టిక్ ముందుకి తోసింది. బొమ్మ నడిచింది. ఎదురుగా ఓ బండరాయి వచ్చింది. బొమ్మ దాన్ని గుద్దుకుని అక్కడికక్కడే నడుస్తూ ఉండిపోయింది. "కుడి స్టిక్‌తో పక్కకి తిరిగి చూడమ్మా" అన్నాను. తిప్పింది. ఆకాశం వచ్చింది. కంగారుపడి మళ్లీ తిప్పింది. నేల వచ్చింది. కాసేపు ఆకాశం, కాసేపు నేల. "వీడేడిరా? ఎటు పోయాడు?" అని వెతుక్కుంటోంది. పక్కనుంచి నేను "కుడి, కుడి... ఆ కుడి కాదమ్మా, కుడి బొటనవేలు..." అని ఒకటే అరుపులు. పది నిమిషాలయ్యాక కంట్రోలర్ నా ఒళ్లో పెట్టేసి, "కళ్లు తిరుగుతున్నాయిరా. నువ్వాడు, నేను చూస్తాను" అని లేచి వెళ్లిపోయింది.

తప్పు ఎక్కడ జరిగిందో నాకు చాలా రోజులు అర్థం కాలేదు. ఒక బొటనవేలితో నడవాలి, రెండో బొటనవేలితో తల తిప్పాలి, రెండూ ఒకేసారి జరగాలి. మనకి ఇది అలవాటుగా వచ్చేస్తుంది. చిన్నప్పుడు మనమూ రోజుల తరబడి గోడలకి గుద్దుకుంటూనే నేర్చుకున్నాం కానీ ఆ గుద్దుకోవడం ఇప్పుడు గుర్తులేదు. పైగా స్క్రీన్ మీద కనిపించేది ఆ బొమ్మ కళ్లకి కనిపించేది కాదు. దాని వెనకాల గాల్లో ఓ కెమెరా ఉంటుంది, దాన్ని తిప్పాల్సింది ఆడేవాళ్లే. ఈ సంగతి అమ్మకి నేను చెప్పనేలేదు. చెప్పాలని తట్టను కూడా లేదు. టీవీ ముందు ఇన్నేళ్లు కూర్చున్న మనిషికి కెమెరా సంగతి ఇంకెవరో చూసుకుంటారనే కదా తెలుసు.

కాబట్టి గేమ్ ఎంచుకునేటప్పుడు నేను చూసే మొదటి విషయం, కుడి స్టిక్ అవసరం లేకుండా ఆడగలమా అన్నది. కథ గొప్పదా, గ్రాఫిక్స్ బాగున్నాయా అన్నవి తర్వాత. ఈ ఒక్క లెక్కతోనే సగం గేములు పక్కకి పోతాయి, పోనివ్వండి.

నా రెండో ప్రయత్నం అటక మీదున్న పాత వీ (Wii), నింటెండో కంపెనీ గేమ్ కన్సోల్. 2006లో ఆ కన్సోల్‌తోపాటు వచ్చిన వీ స్పోర్ట్స్‌లో బౌలింగ్ ఉంటుంది. రిమోట్ పట్టుకుని, అడుగున ఉన్న బటన్ నొక్కిపట్టి, చెయ్యి ఊపి వదిలేస్తే బంతి వెళ్తుంది. నేర్చుకోవాల్సింది ఆ ఊపు ఒక్కటే. అది మనిషికి పుట్టుకతోనే వస్తుంది. నాన్న మొదటిసారి చెయ్యి వెనక్కి వెళ్లినప్పుడే బటన్ వదిలేశారు. బంతి దభీమని వెనక్కి పడింది, వెనక నిలబడ్డ బొమ్మలన్నీ ఉలిక్కిపడి గెంతాయి. ఇల్లంతా నవ్వు. తలుపు దగ్గర నిలబడి చూస్తున్న అమ్మ, "అయ్యో, వాళ్లకి తగిలిందా?" అంటూ లోపలికొచ్చింది. ఎనిమిది నెలల తర్వాత ఆవిడ ఆ గదిలో మాతోపాటు కూర్చోవడం అదే మొదలు. ఓడిపోయినా నవ్వొచ్చే గేమ్ కావాలి అనేది ఆ రోజు నాకు తెలిసిన విషయం. నా ఓపెన్ వరల్డ్ గేమ్‌లో తప్పు చేస్తే ఏమీ జరగదు, మనిషి అలా రాయి ముందు నడుస్తూ ఉంటాడంతే. ఇక్కడ తప్పు చేస్తే తమాషా జరుగుతుంది.

వీ ఇప్పుడు దొరకడం కష్టం. నింటెండోదే స్విచ్ అనే కన్సోల్‌కి 2022లో వచ్చిన నింటెండో స్విచ్ స్పోర్ట్స్‌లోనూ బౌలింగ్, టెన్నిస్ ఉన్నాయి. టెన్నిస్‌లో బొమ్మే పరిగెత్తి బంతి దగ్గరికి వెళ్తుంది, మనం బ్యాట్ ఊపితే చాలు. చేతికి తాడు మాత్రం తప్పకుండా తగిలించండి. రిమోట్లు చేతుల్లోంచి జారి టీవీలకి తగులుతున్నాయని 2006 డిసెంబర్‌లోనే ఆ తాడుని మందంగా మార్చాల్సి వచ్చింది. మోకాళ్ల నొప్పులుంటే కుర్చీలో కూర్చునే ఆడొచ్చు, స్కోరేం తగ్గదు.

ఇక బటన్ల పేర్ల గొడవ. "ఎక్స్ నొక్కు" అంటాం మనం. ఎక్స్‌బాక్స్ కంట్రోలర్‌లో ఎక్స్ ఎడమవైపు ఉంటుంది, స్విచ్‌లో పైన ఉంటుంది, ప్లేస్టేషన్‌లో కింద ఉన్న ఇంటూ గుర్తుని మనవాళ్లంతా ఎక్స్ అనే పిలుస్తారు. రెండు కన్సోళ్లున్న ఇంట్లో పెద్దవాళ్ల పరిస్థితి ఆలోచించండి. "కింది బటన్, పై బటన్" అనండి, చాలు. ఎల్3 జోలికి అసలు పోకండి. స్టిక్‌ని లోపలికి నొక్కితే అది కూడా బటనే అని చెబితే నాన్న నమ్మలేదు. "విరిగిందంటే నన్ననకు" అని ముందే చెప్పి మరీ నొక్కారు.

నాన్న గురించి ఓ మాట చెప్పాలి. "నేను జన్మలో గేమ్ ఆడలేదురా" అని అందరికీ చెబుతుంటారు. ఆఫీసు కంప్యూటర్‌లో సాలిటైర్ ఎన్ని వందలసార్లు ఆడారో లెక్కలేదు. 1990లో విండోస్ 3.0తో వచ్చినప్పటినుంచి ఆ పేకముక్కలు ఎంతమందికి మౌస్ పట్టడం నేర్పాయో! అది గేమ్ కాదా నాన్నా అంటే, "అది పేకాట" అంటారు. మీ ఇంట్లోనూ ఇలాంటిదేదో ఉండే ఉంటుంది, ఫోన్‌లో పదాల ఆటో, సుడోకునో. ఉంటే అక్కణ్ణుంచే అందుకోండి. మౌస్ అలవాటున్నవాళ్లకి కంట్రోలర్ ఇవ్వడమే అనవసరం.

అమ్మకి గేమ్ దొరికింది అలాగే. అన్‌ప్యాకింగ్ అని 2021లో వచ్చింది. మౌస్ ఒక్కటి చాలు. ఓ అమ్మాయి ఇల్లు మారినప్పుడల్లా అట్టపెట్టెలు విప్పి సామాన్లు సర్దాలి. 1997లో చిన్నపిల్ల గదితో మొదలై 2018 దాకా సాగుతుంది. టైమ్ పెట్టరు, పాయింట్లుండవు, ఔటవడం అనేదే లేదు. పెట్టకూడని చోట పెట్టిన వస్తువు చుట్టూ చివర్లో ఎర్రగీత వస్తుంది. ఆ గీత చిరాకనిపిస్తే ఏ వస్తువైనా ఎక్కడైనా పెట్టుకునేలా సెట్టింగ్స్‌లో మార్చుకోవచ్చు. అమ్మ మార్చనివ్వలేదు. "ఎక్కడ పెట్టాలో నాకు తెలుసులే" అంది.

ఆ అమ్మాయి 2010లో ఒక అబ్బాయి ఇంటికి మారుతుంది. అక్కడ ఆమె చదువు పట్టా తగిలించడానికి గోడ మీద ఎక్కడా చోటుండదు. అమ్మ అతని వస్తువుల్ని అటూ ఇటూ జరిపింది, గోడలన్నీ వెతికింది, పట్టాని అరలో నిలబెట్టి చూసింది. ఎర్రగీత పోదు. అది మంచం కిందకి నెడితేనే పోతుంది. ఆ సంగతి తనే కనుక్కుని, మౌస్ వదిలేసి వెనక్కి వాలింది. "ఎవడ్రా వీడు? పిల్ల పట్టా పెట్టుకోడానికి గోడ మీద ఇంత చోటివ్వడా?" అంది. ఆ అబ్బాయి మొహం గేమ్‌లో ఎక్కడా కనిపించదు. ఒక్క డైలాగ్ లేదు. నేను అదే లెవెల్ ఆడినప్పుడు ఎర్రగీత పోగొట్టుకుని ముందుకెళ్లిపోయానంతే. గేములు ఎలా ఆడాలో అమ్మకి నేర్పిస్తున్నాననుకుంటున్న నాకు అది కాస్త గట్టిగానే తగిలింది. ఎన్నో ఇళ్లు మారి సామాను సర్దిన మనిషికి ఆ గేమ్ భాష ముందే వచ్చు. అంచేత మీ అమ్మగారికి ఏ పని బాగా వచ్చో, ఏ పని ఇష్టంగా చేస్తారో చూసి, దానికి దగ్గరగా ఉన్న గేమ్ వెతకండి.

నాన్నకి పేకముక్కల తర్వాత పట్టుకున్నది విమానాలు. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్, 2020ది. ఉపగ్రహాల ఫొటోలతో భూగోళం మొత్తం అందులో పెట్టారు. టేకాఫ్ జోలికి పోకుండా, మ్యాప్‌లో ఓ చోటు ఎంచుకుని గాల్లోనే మొదలుపెట్టొచ్చు. నాన్న ఒకప్పుడు తను తిరిగిన దారుల మీదుగా ఎగురుతూ, "అదిగో రోడ్డు సరిగ్గా అక్కడే తిరుగుతుంది" అని సంబరపడతారు. బిల్డింగులు చాలావరకు కంప్యూటర్ ఊహించి కట్టినవే కాబట్టి అవి నిజంలా ఉండవు. నాన్న దానిమీద నాతో గంట వాదిస్తారు. కంప్యూటర్ మంచిది కావాలి, ఇంటర్నెట్ బాగా తింటుంది, అది ముందే చూసుకోండి.

ముగ్గురం కలిసి ఆడేది స్విచ్‌లో మారియో కార్ట్ 8 డీలక్స్ అనే బండ్ల రేసు. బండి ఎంచుకునే స్క్రీన్ దగ్గర ప్లస్ బటన్ నొక్కితే మనకి పనికొచ్చే రెండు సెట్టింగులు కనిపిస్తాయి. ఒకటి పెడితే బండి దానంతట అదే ముందుకెళ్తుంది, రెండోది పెడితే రోడ్డు దాటి కింద పడదు. రెండూ పెట్టేయండి. రెండోది పెట్టినట్టు బండి వెనక చిన్న యాంటెనా కనిపిస్తుంది. నాన్న అది కనిపెట్టి, "నాకెందుకురా తోక?" అని అడిగారు. నిజం చెప్పేశాను. రెండు వారాల తర్వాత తీసేయమన్నారు. తీసేశాక వరసగా పడుతూనే ఉన్నారు, కానీ మళ్లీ పెట్టమనలేదు. అలాంటిదే సూపర్ మారియో బ్రదర్స్ వండర్ కూడా. 2023లో వచ్చిన ఆ గేమ్‌లో యోషీ అనే బొమ్మని ఎంచుకుంటే శత్రువులు తగిలినా ఏమీ కాదు. గోతుల్లో పడితే మాత్రం ఔటే.

కలిసి ఆడాలని ఓవర్‌కుక్డ్ మాత్రం తేకండి. బొమ్మలు ముద్దుగా ఉంటాయి, వంట గేమ్ కదా అనిపిస్తుంది. రెండో లెవెల్‌కే అమ్మా నాన్నా మాట్లాడుకోవడం మానేశారు.

కళ్లు తిరగడం సంగతి తేలిగ్గా తీసుకోకండి. బొమ్మ కళ్లలోంచి చూసే గేములు మొదట్లో వద్దు. తప్పదంటే సెట్టింగ్స్‌లో మోషన్ బ్లర్ (కదిలేటప్పుడు బొమ్మ మసకబారడం), కెమెరా షేక్ (తెర ఊగడం) ఆపేయండి, గదిలో లైటు వేసి ఉంచండి, కాస్త దూరంగా కూర్చోబెట్టండి. "కొంచెం అదోలా ఉంది" అన్నారంటే అక్కడితో ఆపాల్సిందే, ఓర్చుకుంటే పోయేది కాదది. అక్షరాల సైజు పెంచే సెట్టింగ్ ఉంటే వాళ్లు రాకముందే పెంచి ఉంచండి. ఫోన్‌లో ఆడేట్టయితే కొనుగోళ్లకి పాస్‌వర్డ్ పెట్టండి.

అన్నిటికన్నా కష్టమైనది మీ నోరు, మీ చెయ్యి అదుపులో పెట్టుకోవడం. "ఇటివ్వమ్మా, నేను చేసి చూపిస్తా" అన్నారంటే ఆ సాయంత్రానికి గేమ్ అయిపోయినట్టే. కంట్రోలర్ వెనక్కి ఇచ్చినా తీసుకోరు. మా నాన్న తెర మీద వచ్చే ప్రతి సూచనా పైకి చదువుతారు, అక్షరం వదలకుండా, పేపర్ చదివినట్టు. మొదట్లో ప్రాణం పోయేది. ఇప్పుడు ఆయన చదువుతున్నంతసేపూ నేను చేతులు కట్టుకుని కూర్చుంటాను. ఒక్కోసారి నేనెప్పుడూ చదవని సంగతి అందులో ఉంటుంది.

మీ ఫేవరెట్ గేమ్ ఎప్పటికీ చూపించొద్దని కాదు. పోయిన నెల అమ్మే అడిగింది, "ఆ కొండల గేమ్ ఉండాలిగా, తీసేశావా?" అని. ఎక్స్‌బాక్స్‌లో 2017 నుంచి కోపైలట్ అని ఒక సదుపాయం ఉంది, రెండు కంట్రోలర్లు కలిపి ఒకే కంట్రోలర్‌లా పనిచేస్తాయి. ప్లేస్టేషన్ 5కి కూడా 2023లో అలాంటిది వచ్చింది. అమ్మ చేతిలో ఒకటి, నా చేతిలో ఒకటి. నడిచేది ఆవిడ, తల తిప్పేది నేను. "పైకి చూపించు. అటు కాదు, ఇటు. ఆగు, ఆ నీళ్లేమిటి?" అంటూ నాకు చెబుతూ ఉంటుంది. బురుజు దాకా ఇంకా వెళ్లలేదు. దారిలో ఓ చెరువు కనిపించింది, వారం నుంచి దాని ఒడ్డునే తిరుగుతున్నాం.