సిలువ మీద ఉన్నది ఎవరు? ఒక యువ రచయితకు లేఖ

ప్రియమైన తమ్ముడికి,

ప్రభువు నామంలో వందనాలు.

సిలువ గురించి నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. భక్తి ఉంది, భాష ఉంది. మూడో పేరా దగ్గర మాత్రం ఆగిపోయాను. "సిలువ మీద యేసు మానవత్వం ఏడ్చింది, ఆయన దైవత్వం నిబ్బరంగా చూస్తూ ఉండిపోయింది" అని రాశావు. చెవికి ఇంపుగానే ఉంది. కానీ ఆ ఒక్క వాక్యంతో సిలువ మీద ఇద్దరు తయారయ్యారు. ఏడ్చేవాడొకడు, చూస్తూ ఉండేవాడొకడు. 5వ శతాబ్దంలో సంఘం అంత కలహపడింది ఈ 'ఇద్దరి' గురించే. అందుకే ఈ ఉత్తరంలో ఎక్కువ భాగం ఆ వాక్యానికే కేటాయిస్తున్నాను.

ముందు 'స్వభావం' అనే మాట సంగతి చూద్దాం. మన వాడుకలో అది గుణాన్ని చెబుతుంది. "వాడిది కోపిష్టి స్వభావం" అంటాం. క్రీస్తుకు రెండు స్వభావాలు అని రాసి వదిలేస్తే, ఒకే మనిషిలో రెండు మనస్తత్వాలు అనుకునే ప్రమాదం ఉంది. కాబట్టి మొదటిసారి వాడినప్పుడే రెండు ప్రశ్నలు విడదీసి చెప్పు. 'ఏమిటి?' అన్నదానికి జవాబు స్వభావం. 'ఎవరు?' అన్నదానికి జవాబు వ్యక్తి. సిలువ మీద ఉన్నది ఎవరు? అనాది నుంచి తండ్రితో ఉన్న కుమారుడు, ఆయన ఒక్కడే. ఆయన ఏమిటి? సంపూర్ణంగా దేవుడు, సంపూర్ణంగా మనిషి. సగం సగం అనే లెక్క ఇక్కడ పనికిరాదు.

451లో చాల్సెడన్‌లో బిషప్పులు కూడిన మహాసభ ఈ రెండు స్వభావాల చుట్టూ నాలుగు కట్టలు కట్టింది: కలగాపులగం కాకుండా, మారిపోకుండా, చీలిపోకుండా, విడిపోకుండా. దైవత్వంలో మానవత్వం కరిగిపోయిందన్నట్టు మాట్లాడిన యూటికస్ అనే సన్యాసికి మొదటి రెండూ అడ్డు. ఇద్దరు వేర్వేరు వ్యక్తులన్న అర్థం వచ్చేలా కాన్‌స్టాంటినోపుల్ బిషప్ నెస్టోరియస్ బోధిస్తున్నాడని అతని ప్రత్యర్థులు ఆరోపించారు. చివరి రెండూ ఆ బోధకు అడ్డు. చూడు, నాలుగూ 'కాకుండా'లే. ఆ కలయిక ఎలా జరిగిందో సభ చెప్పలేదు. నువ్వూ చెప్పబోకు. పాలూ నీళ్ల పోలిక పెడితే రెండూ కలిసిపోయి మూడోదేదో పుడుతుంది. నిప్పులో కాలిన ఇనుము పోలికను పాత పండితులు వాడారు, అది కొంత నయం. కాలిన కమ్మీ మీద సుత్తి పడితే వంగేది ఇనుమే గాని నిప్పు కాదు. అయినా ఇనుమూ నిప్పూ రెండూ వస్తువులు. 'ఎవరు?' అన్న ప్రశ్నకు ఆ పోలికలో చోటే లేదు. వాడితే ఒక్క వాక్యంలో వాడి దాటిపో.

ఇక అసలు పనికి వద్దాం. నీ వ్యాసంలో బాధ, రక్తం, చావు గురించిన ప్రతి వాక్యం కిందా గీత గీయి. ఒక్కో దాంట్లో కర్త ఎవరో చూడు. 'మానవత్వం', 'దైవత్వం' కర్త స్థానంలో ఉంటే కొట్టేసి, ఆ చోట ఆయన పేరు పెట్టు. స్వభావం తనంతట తాను ఏ పనీ చేయదు. ఆ స్వభావం ఉన్నవాడు చేస్తాడు. నీ కాల్లో ముల్లు దిగితే 'అమ్మా' అనేది నువ్వే గాని కాలు కాదు. ముల్లు ఆత్మలో దిగలేదు కాబట్టి నొప్పి నీది కాదని ఎవరూ అనరు.

కర్త సరిపోయాక రెండో చూపు 'శరీరంలో' అన్న మాట మీద పెట్టు. అలెక్సంద్రియ బిషప్ సిరిల్ 430లో నెస్టోరియస్‌కు పంపిన పన్నెండు అంశాల్లో చివరిది ఇదే: దేవుని వాక్కు, అంటే కుమారుడు, శరీరంలో శ్రమపడ్డాడు, శరీరంలో సిలువ వేయబడ్డాడు, శరీరంలో మరణాన్ని రుచి చూశాడు. ఒకే మాట మూడుసార్లు పెట్టడం అలంకారం కోసం కాదు. 553లో కాన్‌స్టాంటినోపుల్‌లో జరిగిన రెండో సభ, శరీరంలో సిలువ వేయబడిన ప్రభువే నిజ దేవుడు, త్రిత్వంలో ఒకడు అని ఒప్పుకోనివాణ్ణి వెలివేసింది. 'శరీరంలో' తీసేసి "దేవుడు చచ్చిపోయాడు" అని మాత్రమే రాస్తే, దేవుడు లేకుండా పోయాడని పాఠకుడికి అనిపిస్తుంది. 'దేవుడు' తీసేసి "యేసులోని మనిషి చనిపోయాడు" అని రాస్తే, చనిపోయింది ఇంకెవరో అవుతాడు. రెండూ ఉంచి చూడు: "కుమారుడైన దేవుడు శరీరంలో చనిపోయాడు." వాక్యం బరువుగా ఉంటుంది, ఉండనీ.

అక్కడ 'కుమారుడైన' అని కావాలనే రాశాను. మనం దేవుడు అన్నప్పుడు చాలాసార్లు మనసులో ఉండేది తండ్రే. విశేషణం లేకుండా "దేవుడు సిలువెక్కాడు" అంటే తండ్రే సిలువెక్కాడన్న పాత పొరపాటు దొర్లుతుంది. ప్రాక్సియస్ అనేవాడు ఇలాగే బోధిస్తే, అతను తండ్రిని సిలువ వేశాడని తొలి సంఘపు రచయిత టెర్టుల్లియన్ నిలదీశాడు.

వాక్యాధారం అడుగుతారు. 1 కొరింథీ 2:8 ముందు పెట్టు. మహిమాస్వరూపియగు ప్రభువును సిలువ వేశారని పౌలు అంటాడు. మహిమ దేవునిది, సిలువ మనిషికి పడేది, రెండూ ఒకే వాక్యంలో ఒక్కరి మీద నిలిచాయి. ఒక స్వభావానికి చెందిన మాటను ఇంకో స్వభావపు పేరుతో ఆ ఒక్క వ్యక్తికే చెప్పే ఈ పద్ధతికి వేదాంతంలో 'గుణాల మార్పిడి' అని పేరు. అపొస్తలుల కార్యములు 20:28లో దేవుడు 'స్వరక్తమిచ్చి' సంఘాన్ని సంపాదించాడని ఉంది. అది గొప్ప మాటే గాని, కొన్ని గ్రీకు ప్రతుల్లో 'దేవుని సంఘం' అన్న చోట 'ప్రభువు సంఘం' అని ఉంది. ఆ రక్తాన్ని 'తన సొంతవాని రక్తం' అని చదివేవాళ్లూ ఉన్నారు. అందుకే వాదం మొత్తాన్ని ఆ వచనం మీదే నిలబెట్టకు.

మన భాషలోనే కొన్ని గుంటలున్నాయి. యోహాను 1:14లో వాక్యము 'శరీరధారియై' అని చదువుతాం. ధరించడం అనగానే మనకు బట్ట గుర్తొస్తుంది. గ్రీకులో ఉన్నది 'శరీరమయ్యాడు' అని. ఆ వచనాన్ని మార్చమనడం లేదు. నీ సొంత వాక్యాల్లో మాత్రం శరీరాన్ని వస్త్రం చేయకు. నీ వ్యాసంలో 'మానవ వేషంలో' అని రెండు చోట్ల ఉంది, రెండూ తీసెయ్. వేషగాడు దెబ్బలు తిన్నట్టు కనిపిస్తాడు, తినడు. యేసు శ్రమ పైకి కనిపించినదేనని బోధించినవాళ్లు 2వ శతాబ్దం మొదట్లోనే ఉన్నారు. మృగాలకు ఆహారం కావడానికి రోముకు వెళ్తున్న అంతియొకయ బిషప్ ఇగ్నేషియస్ వాళ్లను అడిగింది ఒక్కటే: ఆయన పడింది ఉత్తుత్తి శ్రమ అయితే, నేను ఈ సంకెళ్లలో ఎందుకున్నాను? 'లీల' అనే మాట కూడా సిలువ దగ్గర వాడకపోవడమే మంచిది.

మేకుల గురించి మూడు పేరాలు రాశావు. ఒక్కటి చాలు. మార్కు 'సిలువ వేసిరి' అని ఊరుకున్నాడు. నాలుగు సువార్తల్లో మేకులన్న మాట వచ్చేది యోహాను 20:25లో, అదీ తోమా నోట. ఆ మిగిలిన చోటు దాహానికివ్వు.

"నేను దప్పిగొనుచున్నాను" అన్న మాటను రాసింది యోహాను ఒక్కడే. 'వాక్యము దేవుడై యుండెను' అని పుస్తకం మొదలుపెట్టినవాడే ఆ ఎండిన నాలుకనూ చూపించాడు. దప్పిగొన్నవాడు నా దగ్గరికి వచ్చి తాగాలని 7:37లో పిలిచినవాడే 19:28లో నీళ్లకు అల్లాడుతున్నాడు. మొదట్లో బోళం కలిపిన ద్రాక్షారసం ఇస్తే ఆయన పుచ్చుకోలేదని మార్కు చెబుతాడు. చివర్లో చిరకలో, అంటే పులిసిన ద్రాక్షారసంలో, ముంచిన స్పంజిని హిస్సోపు పుడకకు తగిలించి నోటికి అందిస్తే పుచ్చుకున్నాడని యోహాను చెబుతాడు. ఆ స్పంజి దగ్గర ఆగు. దాన్ని పీల్చిన పెదవులు ఎవరివి? వాటిని మానవ స్వభావానికి అప్పజెప్పి చేతులు దులుపుకోకు. అవి కుమారుని పెదవులు. ఈ ఒక్క దృశ్యం సరిగ్గా రాస్తే, రెండు పేజీల సిద్ధాంతం లేకుండానే పాఠకుడికి విషయం అందుతుంది.

"నా దేవా, నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచితివి" అన్న కేక దగ్గర చాలామంది తడబడతారు. ఆ గడియలో దైవత్వం ఆయన్ను వదిలిపోయిందని రాసేస్తారు. అది కొత్త ఆలోచన కాదు. బాప్తిస్మంలో యేసు మీదికి దిగిన క్రీస్తు శ్రమకు ముందే ఎగిరిపోయాడని కెరింథు అనేవాడు బోధించినట్టు 2వ శతాబ్దపు బిషప్ ఐరేనియస్ రాశాడు. వదిలిపోతే చనిపోయింది మనలాంటి ఇంకో మనిషి మాత్రమే, ఆ చావు ఎవర్నీ రక్షించదు. ఈ కేక 22వ కీర్తన మొదటి మాట. ఆ కీర్తన స్తుతితో ముగుస్తుంది. కానీ ముగింపు చూపించి కేకను మెత్తబరచకు. మనిషిగా, మన చోట నిలబడి, కుమారుడు నిజంగా వేసిన కేక అది. గెత్సేమనేలో "నా యిష్టప్రకారము కాదు" అన్న మాట కూడా ఇలాంటిదే. ఆయనకు దైవ చిత్తమూ మానవ చిత్తమూ రెండూ ఉన్నాయని, మానవ చిత్తం దైవ చిత్తానికి ఎదురు తిరగకుండా లోబడిందని 680–681లో కాన్‌స్టాంటినోపుల్‌లో జరిగిన సభ తేల్చింది.

రెండు స్వభావాలూ ఎందుకు కావాలో ఒక పేరాలో చెప్పు, సాగదీయకు. ఆయన స్వీకరించనిది బాగుపడదన్నాడు 4వ శతాబ్దపు బిషప్ నజియాంజస్ గ్రెగరీ. మానవ మనసును స్వీకరించకపోతే మన మనసుకు స్వస్థత లేదు. చావగల శరీరాన్ని వాక్కు తీసుకున్నది చావడానికే అన్నాడు అలెక్సంద్రియ బిషప్ అథనేసియస్. కుమారుడు సిలువ మీద ఉంటే లోకాన్ని ఎవరు నడిపించారన్న ప్రశ్న నీకు తప్పకుండా వస్తుంది. దానికీ జవాబు అథనేసియస్ దగ్గరే ఉంది: వాక్కు శరీరంలో ఉంటూనే శరీరానికి పరిమితం కాలేదు.

దేవుడు తన దైవ స్వభావంలోనే బాధపడతాడా అన్నది వేరే చర్చ. పాత సంఘం పడడని చెప్పింది. 20వ శతాబ్దంలో జర్మన్ వేదాంతి యూర్గెన్ మోల్ట్‌మన్ లాంటివాళ్లు ఆ మాటను తిరగదోడారు. రెంటినీ ఒకే పేరాలో కలపకు. ఏ పక్షం మాట ఎవరిదో పేరు పెట్టి రాయి.

చాల్సెడన్‌ను ఒప్పుకోని కాప్టిక్, సిరియన్, ఆర్మేనియన్ సంఘాలను నువ్వు యూటికస్ శిష్యులన్నట్టు రాశావు. అది అన్యాయం. వాళ్లు యూటికస్‌ను ఖండిస్తారు. సిరిల్ మాటల్లోనే, శరీరం దాల్చిన వాక్కుకు ఐక్యమైన ఒకే స్వభావం అంటారు. ఆ ఒక్కదానిలో దైవత్వమూ మానవత్వమూ కలగలవకుండా ఉన్నాయన్నదే వాళ్ల విశ్వాసం. రోమ్ పోపు ఆరో పౌలు, కాప్టిక్ పోపు మూడో షెనూదా 1973లో క్రీస్తును గురించి ఉమ్మడి ప్రకటన మీద సంతకం చేశారు. ఆ పేరా మళ్లీ రాయాల్సిందే.

నీ వ్యాసం శుక్రవారం నుంచి నేరుగా ఆదివారానికి దూకింది. శనివారం లేదు. చావంటే ఆత్మ, శరీరం వేరుపడడం. యేసు విషయంలోనూ అదే జరిగింది, లేకపోతే అది చావే కాదు. కానీ దైవత్వం ఆ రెంటిలో దేన్నీ వీడలేదని మరో 4వ శతాబ్దపు బిషప్ నిస్సా గ్రెగరీ చెప్పాడు. తండ్రి చేతికి అప్పగించిన ఆత్మ కుమారునిదే. నారబట్టలో చుట్టి, రాతిలో తొలిచిన సమాధిలో ఉంచిన ఆ చల్లబడిన దేహమూ కుమారునిదే. ఆ సమాధిలో పడుకున్నది ఎవరో చెప్పే ఒక పేరా రాసి, రాయి దొర్లే వాక్యానికి ముందు పెట్టి పంపు.

ప్రేమతో,
నీ అన్నయ్య