ఏ రేజర్‌కి ఏ నురగ

చిరంజీవికి ఆశీస్సులు.

ఒకే బ్లేడు బిగించే సేఫ్టీ రేజర్‌కి మారిన మొదటి రోజే చెంపలు మండాయని రాశావు. రేజర్ మార్చావు గానీ, రాసుకున్నది ఆ పాత డబ్బా ఫోమే కదా? తేడా అక్కడే వచ్చింది. ఫోమ్‌లో గాలి ఎక్కువ. మూడు నాలుగు బ్లేడ్లు ఒకే తలలో ఉండే కార్ట్రిడ్జ్ రేజర్‌కి అది సరిపోతుంది. దాని తల ముఖాన్ని బట్టి వంగుతుంది, చాలావాటికి జారుడు పట్టీ కూడా ఉంటుంది. నీ రేజర్‌కి అవేవీ లేవు. బ్లేడుకీ చర్మానికీ మధ్య సుమారు 30 డిగ్రీల కోణం నువ్వే పట్టాలి, జారుడంతా నురగే ఇవ్వాలి.

షేవింగ్ సబ్బో క్రీమో తెచ్చుకో, బ్రష్షు తప్పనిసరి. బ్రష్షు తడిపి, నీళ్లు విదిలించి, సబ్బు మీద అర నిమిషం తిప్పు. తర్వాత గిన్నెలో చుక్క చుక్క నీళ్లు వేస్తూ కలుపు. మొదట తెల్లగా, పొడిపొడిగా గుబురెక్కుతుంది. చాలామంది అది చూసి ఆపేస్తారు. ఆపకు, ఇంకా నీళ్లు పట్టనియ్యి. బుడగలు కంటికి ఆనకుండా పోయి నిగనిగలాడాలి, బ్రష్షు ఎత్తితే నురగ కొస మెత్తగా వంగాలి. రెండు వేళ్ల మధ్య రుద్దితే జర్రున జారాలి. నాకైతే ఈ వేళ్ల పరీక్ష మీదే నమ్మకం. పెద్ద బుడగలొస్తే నీళ్లు ఎక్కువైనట్టు, కాస్త సబ్బు చేర్చు. కఠిన జలమైతే నురగ త్వరగా విరిగిపోతుంది, మొదటే సబ్బు ఎక్కువ తీసుకో.

ప్రయాణాల్లో కార్ట్రిడ్జ్ వాడితే జెల్ పల్చగా రాసుకో. మందంగా రాస్తే బ్లేడ్ల సందుల్లో వెంట్రుకలతో కలిసి ఇరుక్కుంటుంది, రెండు గీతలకోసారి కడగాల్సొస్తుంది. ఎలక్ట్రిక్ షేవర్‌కి నురగ పెట్టకు, తడిలో వాడొచ్చని దాని మీద రాసుంటే తప్ప.

మంగలికత్తి నేర్చుకుంటానన్నావు, సంతోషం. దానికి నురగ ఇంకొంచెం తడిగా ఉండాలి. పని నిదానం కాబట్టి రెండో చెంపకొచ్చేసరికి ఆరిపోతుంది. ఒక్కో చెంపకి విడిగా రాసుకో. చర్మం లాగిపట్టే వేళ్లకి మాత్రం నురగ అంటనివ్వకు, పట్టు జారితే కత్తితో చర్మం తెగుతుంది.

ఏ రేజరైనా సరే, నురగ లేని చోట రెండోసారి గీయకు, మళ్లీ రాసుకునే గీయి. మీసం, గడ్డం దగ్గర వెంట్రుక మొండిది. అక్కడ ముందు రాసి, చివర్న గీయి. అప్పటికి బాగా నానుతుంది.