పసితనమా, పిల్లచేష్టలా?

తమ్ముడూ,

నీ అనువాదం రాత్రి కూర్చుని మొత్తం చదివాను. బాగా చేస్తున్నావు, ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. కానీ నాలుగో పేజీ దగ్గర ఆగిపోయాను. కొడుకు పంపిన పెట్టెను ఆ ముసలావిడ చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూస్తుంది, కాగితం చిరగకుండా టేపు చివరను గోటితో మెల్లగా లేపుతుంది. ఆవిడ సంబరాన్ని మూలంలో చైల్డ్‌లైక్ అన్నారు. నువ్వేమో 'ఆమెకింకా పిల్లచేష్టలు పోలేదు' అని రాశావు. ఆ ఒక్క మాటతో ఆవిణ్ణి చులకన చేసేశావు.

పెద్దవాళ్లను చైల్డిష్ అంటే అది తిట్టే. వయసొచ్చినా అలగడం, పంతం పట్టడం, ఓడిపోతే ఆట ఆపేసి వెళ్లిపోవడం. చైల్డ్‌లైక్ మెచ్చుకోలు, కల్లాకపటం తెలియని మనిషన్నమాట. తప్పు ఆ 'ఇష్' అనే ప్రత్యయానిది అనుకోకు, ఇంగ్లిష్, డేనిష్ అనే మాటల్లో ఉన్నదీ అదే, అక్కడ తిట్టేం లేదు కదా. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లో పౌలు, పెద్దవాణ్ణయ్యాక చైల్డిష్ సంగతులు వదిలేశానంటాడు, అంటే పిల్లలప్పటివి అనే. ఇప్పటికీ పిల్లల చేతిరాతనో గొంతునో అలా అంటే నింద కాదు. పెద్దవాళ్లకు తగిలించినప్పుడే గుచ్చుకుంటుంది.

ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్నదే. చాలా ఏళ్ల కిందట మా మాస్టారు పోయినప్పుడు ఇంగ్లిషులో నివాళి రాస్తూ, ఆయనది చైల్డిష్ నవ్వు అన్నాను. ప్రేమతోనే రాశాను. అది చదివి వాళ్లమ్మాయి, "నాన్న మీకు అలా కనిపించారా అండీ" అని మాత్రం అడిగింది. అప్పటికే అచ్చయిపోయింది, దిద్దడానికి లేదు.

మనకు ఈ తేడా కోసం మాటలు వెతుక్కోనక్కర్లేదు, నోట్లోనే ఉన్నాయి. పిల్లచేష్టలు అన్నామంటే విసుగు, పసితనం, పసిమనసు అన్నామంటే ముద్దు. పిల్లతనం అనే మాటతో మాత్రం జాగ్రత్త, పక్కనున్న మాటల్ని బట్టి అది ఎటైనా ఒరుగుతుంది. ఆ ముసలావిడ దగ్గర 'పసిపిల్ల సంబరం' అంటే చాలు, ఇంకేమీ చేర్చకు, పెట్టె ఊపి చూసిందిగా.

అన్నట్టు తొమ్మిదో పేజీ కూడా తియ్యి. ఆ కొడుకు తన భార్యతో మాట్లాడ్డం మానేసి తలుపేసుకున్న చోట మూలంలో ఉన్నది చైల్డిష్. నువ్వు అక్కడ పసితనం అని పెట్టావు. రెండూ దిద్ది పంపు, మళ్లీ మొదటి నుంచి చదువుతాను.